యాంటీవైరస్ కొంటున్నారా? వర్డ్ ఫైల్, స్క్రిప్ట్ దాడుల్ని ఆపుతుందో లేదో ముందు ఇలా చెక్ చేయండి!

మీ షాపు మెయిల్‌కి ఓ వర్డ్ ఫైల్ వచ్చిందనుకోండి. పేరు చూస్తే ఇన్‌వాయిస్. పంపినవాళ్ల పేరు కూడా తెలిసినట్టే ఉంది. తెరిచారు. పైన పసుపు రంగు పట్టీ, దాని మీద 'ఎనేబుల్ కంటెంట్' అనే బటన్. నొక్కారు. లోపల ఏమీ కనిపించలేదు. సరేలే అని మూసేశారు. కంప్యూటర్‌లో యాంటీవైరస్ ఉంది, అది ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు. కానీ ఆ ఒక్క క్లిక్‌తోనే బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ దొంగల చేతికి వెళ్లిపోవచ్చు. నాలుగేళ్ల లెక్కల ఫైళ్లకు తాళం పడిపోవచ్చు.

మరి డబ్బులు పెట్టి కొన్న యాంటీవైరస్ ఏం చేస్తున్నట్టు? అసలు విషయం ఇక్కడే ఉంది. డాక్యుమెంట్లు, స్క్రిప్ట్‌ల ద్వారా వచ్చే దాడిని ఆపాలంటే ఫైల్‌ని స్కాన్ చేస్తే సరిపోదు. ఆ ఫైల్ తెరిచాక ఏం చేస్తోందో కనిపెట్టి ఆపగలగాలి. యాంటీవైరస్ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఇదే. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, జిరాక్స్ షాపు నడిపేవాళ్లు, ట్యాలీలో లెక్కలు రాసుకునే వ్యాపారులు, పిల్లల ప్రాజెక్టులు ప్రింట్ తీయించే తల్లిదండ్రులు.. అందరికీ పనికొచ్చే వివరాలు ఇవి. ఫోన్ ఒక్కటే వాడేవాళ్ల కోసం కూడా కింద ప్రత్యేకంగా ఇచ్చాం.

డాక్యుమెంట్‌లో వైరస్ ఎలా దాక్కుంటుంది?

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో అక్షరాలు, అంకెలతో పాటు 'మాక్రో' అనే చిన్న ప్రోగ్రామ్ కూడా పెట్టొచ్చు. ఆఫీసుల్లో ఒకే పని పదే పదే చేయకుండా ఉండేందుకు వచ్చిన సౌకర్యం ఇది. దొంగలు దీన్నే వాడుకుంటారు. 1999 మార్చిలో ప్రపంచాన్ని కుదిపేసిన 'మెలిస్సా' ఇలాంటి వర్డ్ మాక్రోనే. ఫైల్ తెరిస్తే చాలు, అవుట్‌లుక్‌లోని మొదటి 50 అడ్రస్‌లకు తనంతట తానే మెయిల్ వెళ్లిపోయేది.

రెండో దారి స్క్రిప్ట్. ఇది నోట్‌ప్యాడ్‌లో రాసుకునే ఆదేశాల చిట్టా లాంటిది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే విండోస్ ఆ ఆదేశాలన్నీ పాటించేస్తుంది. 2000 మే నెలలో వచ్చిన 'ఐ లవ్ యూ' ఈ కోవలోదే. ఆ ఫైల్ పేరు చివర అసలైన తోక 'వీబీఎస్'. దాని ముందు 'టీఎక్స్‌టీ' అని పెట్టారు. విండోస్ చివరి తోకను దాచేస్తుంది కాబట్టి చూసినవాళ్లంతా మామూలు టెక్స్ట్ ఫైల్ అనుకుని తెరిచారు.

మూడో దారి సాఫ్ట్‌వేర్‌లోని లోపం. ఇందులో మీరు ఏ బటనూ నొక్కనక్కర్లేదు. వర్డ్‌లో ఉండే పాత 'ఈక్వేషన్ ఎడిటర్'లో సుమారు 17 ఏళ్లుగా దాగిన లోపాన్ని మైక్రోసాఫ్ట్ 2017 నవంబర్‌లో సరిచేసింది. 2022లో బయటపడ్డ 'ఫోలినా' లోపానికి కూడా మాక్రో అవసరం లేదు. అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్లకు ఇలాంటి పాత లోపాలే ఇప్పటికీ గండం.

మైక్రోసాఫ్ట్ అడ్డుకట్ట వేసింది.. దొంగలు రూటు మార్చారు

ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలు వాటంతట అవే ఆగిపోయేలా 2022లో మైక్రోసాఫ్ట్ మార్పు తెచ్చింది. ఇప్పుడు చాలామందికి పసుపు పట్టీకి బదులు ఎర్ర పట్టీ కనిపిస్తుంది. అందులో 'ఎనేబుల్' బటన్ ఉండదు. అందుకే కొన్ని మోసపు మెయిళ్లలో "ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టండి" అని సూచనలు ఇస్తున్నారు. మెయిల్‌లో ఈ మాట కనిపించిందంటే అది మోసమనే అనుకోండి.

మాక్రోల దారి మూసుకుపోవడంతో దొంగలు జిప్, ఐఎస్ఓ ఫైళ్లలో షార్ట్‌కట్‌లు పెట్టి పంపడం పెంచారు. 2023 మొదట్లో వన్‌నోట్ ఫైళ్లను ఇలాగే వాడారు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ వాటికీ కట్టడి పెట్టింది. ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది 'క్లిక్‌ఫిక్స్'. ఏదో వెబ్‌సైట్ తెరవగానే "మీరు రోబో కాదని నిరూపించండి" అని వస్తుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కమంటుంది. తర్వాత కంట్రోల్ వీ, ఎంటర్. అంతే సంగతులు! మీకు తెలియకుండా కాపీ అయిన స్క్రిప్ట్‌ని మీ చేతులతో మీరే నడిపించినట్టు.

మామూలు స్కాన్ ఎందుకు చాలదు?

పాత పద్ధతి యాంటీవైరస్ దగ్గర తెలిసిన వైరస్‌ల గుర్తుల జాబితా ఉంటుంది. పోలీస్ స్టేషన్ గోడ మీద పాత దొంగల ఫొటోలు అంటించినట్టు. ఫొటోలో ఉన్న మొహం వస్తే పట్టుకుంటుంది. స్క్రిప్ట్‌తో వచ్చే చిక్కేంటంటే దాని మొహం మార్చడం చాలా సులువు. నాలుగు పదాలు మార్చి, అక్షరాలు కలగాపులగం చేస్తే కొత్త ఫైల్ తయారు. కొన్ని స్క్రిప్ట్‌లు డిస్క్ మీద ఫైల్‌గా సేవ్ కూడా కావు. నేరుగా మెమరీలో నడిచి, పని ముగించుకుని పోతాయి. స్కాన్ చేయడానికి అక్కడ ఫైలే ఉండదు.

కానీ ఎంత కలగాపులగం చేసినా, నడిచే ముందు ఆ స్క్రిప్ట్ తన అసలు రూపానికి రాక తప్పదు. సరిగ్గా ఆ క్షణంలో దాన్ని యాంటీవైరస్‌కి చూపించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10తో పాటు తెచ్చింది. దాని పేరు యాంటీమాల్వేర్ స్కాన్ ఇంటర్‌ఫేస్. పొట్టిగా 'ఏఎమ్ఎస్ఐ' అంటారు. 2018లో ఆఫీస్ 365 మాక్రోలకూ దీన్ని కలిపింది. ఓ పార్సిల్ వచ్చిందనుకోండి. లేబుల్ చూసి లోపలికి పంపేయడం ఒక పద్ధతి. విప్పేటప్పుడు పక్కనే నిలబడి చూడటం ఇంకో పద్ధతి. ఏఎమ్ఎస్ఐ చేసేది రెండోది.

యాంటీవైరస్ ఎంచుకునే ముందు చూడాల్సిన 6 విషయాలు

1. స్క్రిప్ట్‌ని నడిచేటప్పుడు తనిఖీ చేస్తుందా? ఉత్పత్తి వివరాల్లో 'ఏఎమ్ఎస్ఐ' లేదా 'స్క్రిప్ట్ ప్రొటెక్షన్' ఉందో లేదో చూడండి. పేరున్న కంపెనీల్లో చాలావాటికి ఉంటుంది. ఎక్కడా ఆ ప్రస్తావన లేకపోతే కస్టమర్ కేర్‌ని అడగండి. సూటిగా సమాధానం రాకపోతే వేరేది చూసుకోండి.

2. ప్రవర్తనను కనిపెడుతుందా? వర్డ్ ఫైల్ తెరిస్తే అక్షరాలు కనిపించాలి. అంతేగానీ వర్డ్ వెళ్లి పవర్‌షెల్‌ని ఎందుకు లేపాలి? ఇలాంటి అసహజమైన పనిని చూసి ఆపేదాన్ని 'బిహేవియర్ ప్రొటెక్షన్' అంటారు. గుర్తుల జాబితాలో లేని కొత్త దాడిని పట్టుకోవడానికి ఇదే పెద్ద దిక్కు.

3. లింక్‌లు, డౌన్‌లోడ్‌లు చూస్తుందా? ఈ రోజుల్లో మెయిల్‌లోని పీడీఎఫ్‌లో తరచుగా వైరస్ ఉండదు, ఓ లింక్ మాత్రమే ఉంటుంది. దాన్ని నొక్కితేనే అసలు ఫైల్ దిగుతుంది. ఆ సైట్‌ని అక్కడే అడ్డుకునే 'వెబ్ ప్రొటెక్షన్' ఉండాలి. మీరు వాడే బ్రౌజర్‌లో అది పనిచేస్తుందో లేదో కూడా చూసుకోండి.

4. ఫోల్డర్లకు కాపలా ఉందా? రాన్సమ్‌వేర్ దాడిలో మీ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బులు అడుగుతారు. తెలియని ప్రోగ్రామ్ ఏదీ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో చెయ్యి పెట్టకుండా ఆపే సదుపాయం ఉండాలి. మారిన ఫైళ్లను వెనక్కి తెచ్చే 'రోల్‌బ్యాక్' కూడా ఉంటే ఇంకా మంచిది.

5. స్వతంత్ర పరీక్షల్లో ఎలా ఉంది? కంపెనీ ప్రకటనని నమ్మొద్దు. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ సంస్థలు ఫలితాలను ఉచితంగా తమ సైట్లలో పెడతాయి. ఏవీ-టెస్ట్‌లో రక్షణ, వేగం, వాడుకలో సౌలభ్యం.. ఒక్కో దానికి 6 చొప్పున మొత్తం 18 పాయింట్లు. ఒక్క నెల ఫలితం చూసి నిర్ణయించుకోకండి. ఏడాది మొత్తంలో నిలకడగా ఉందా అని చూడండి. స్క్రిప్ట్ దాడుల సంగతి తెలియాలంటే రెండు సంస్థలూ 'అడ్వాన్స్‌డ్ థ్రెట్ ప్రొటెక్షన్' పేరుతో చేసే పరీక్షలు చూడండి. అలాగే మంచి ఫైల్‌ని కూడా వైరస్ అంటూ ఎన్నిసార్లు ఆపిందో గమనించండి. ఉత్తుత్తి హెచ్చరికలు ఎక్కువైతే విసుగొచ్చి మనమే దాన్ని ఆపేస్తాం. అప్పుడు అసలుకే మోసం.

6. మీ సమాచారంతో ఏం చేస్తోంది? రెన్యువల్ ఎంత? ఉచితం అంటే అన్నిసార్లూ ఉచితం కాదు. అవాస్ట్ కంపెనీ తన వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలను అమ్ముకుందన్న ఆరోపణలపై 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని చెప్పింది. ఇక డబ్బులు పెట్టి కొనేవాటిలో మొదటి ఏడాది ఆఫర్ ధర ఒకటి, రెండో ఏడాది రెన్యువల్ ధర ఇంకొకటి ఉంటుంది. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందేమో కొన్న రోజే చూసుకోండి.

విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుందా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. అసలైన విండోస్ 11 వాడుతూ, అప్‌డేట్స్ ఎప్పటికప్పుడు వేసుకునే ఇంటివాళ్లకు సరిపోతుంది. ఏఎమ్ఎస్ఐ, ప్రవర్తన తనిఖీ, ఫోల్డర్ కాపలా.. అన్నీ డిఫెండర్‌లోనే ఉన్నాయి. ఏవీ-టెస్ట్‌లోనూ దానికి మంచి మార్కులే వస్తున్నాయి. ఒక లోటు ఉంది. డిఫెండర్ క్లౌడ్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుందని ఏవీ-కంపారటివ్స్ పరీక్షల్లో కనిపించింది. కాబట్టి నెట్ సరిగా లేని చోట, పెన్‌డ్రైవ్‌లు చేతులు మారే చోట వేరే యాంటీవైరస్ గురించి ఆలోచించొచ్చు.

డిఫెండర్ వాడుతుంటే ఈ నాలుగు సెట్టింగ్స్ చూడండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్'లోకి వెళ్లి, 'మేనేజ్ సెట్టింగ్స్' నొక్కండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్.. ఈ మూడూ ఆన్‌లో ఉండాలి. నాలుగోది 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్'. ఇది రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అనే చోట ఉంటుంది. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, మీరే ఆన్ చేసుకోవాలి. మొదట్లో మీరు రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌ని కూడా ఆపొచ్చు. కంగారుపడకుండా దానికి అక్కడే అనుమతి ఇస్తే చాలు.

మరి డబ్బులు పెట్టి ఎవరు కొనాలి? ఐదారు కంప్యూటర్లు ఉన్న ఆఫీసులు, క్లయింట్ల ఫైళ్లు దాచే ఆడిటర్లు, బయటివాళ్ల మెయిల్ అటాచ్‌మెంట్లు రోజంతా తెరిచే షాపులు. వీళ్లు అన్ని కంప్యూటర్లనూ ఒకే చోట నుంచి చూసుకునే 'బిజినెస్' లేదా 'ఎండ్‌పాయింట్' రకం తీసుకోవడం మేలు. ఆఫీస్ ప్రోగ్రామ్‌లు వేరే ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టకుండా నిషేధించే రూల్ పెట్టమని మీ సిస్టమ్స్ చూసే అబ్బాయికి చెప్పండి. డాక్యుమెంట్ దాడుల్లో చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ఒక్క మాట. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు వేయొద్దు. ఒకదాని పని ఒకటి అడ్డుకుంటాయి, కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది.

క్రాక్ విండోస్ వేయించారా? ఇది తప్పక చూడండి

మన దగ్గర చాలామంది పట్టించుకోని ప్రమాదం ఇది. అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నప్పుడు, తక్కువలో అయిపోతుందని క్రాక్ చేసిన విండోస్, ఆఫీస్ వేయిస్తుంటారు. ఆ క్రాక్‌ని డిఫెండర్ వైరస్ అని పట్టుకుంటుంది. అది అడ్డు రాకుండా ఉండేందుకు డిఫెండర్‌నే ఆపేస్తారు. లేదంటే 'ఎక్స్‌క్లూజన్స్'లో ఏదో ఫోల్డర్‌ని, కొన్నిసార్లు సీ డ్రైవ్ మొత్తాన్ని చేర్చేస్తారు. అంటే ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మం మీదే పెట్టినట్టు. పైకి యాంటీవైరస్ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల చూడాల్సిన చోటు చూడదు.

'మేనేజ్ సెట్టింగ్స్'లోనే కింద 'ఎక్స్‌క్లూజన్స్' ఉంటుంది. తెరిచి చూడండి. మీరు పెట్టనివి ఏవైనా ఉంటే తీసేయండి. క్రాక్ చేసిన ఆఫీస్‌కి చాలాసార్లు అప్‌డేట్స్ సరిగా రావు, అప్పుడు పైన చెప్పుకున్న పాత లోపాలు తెరిచే ఉండొచ్చు. దాని మీద ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ఆఫీస్ కొనే స్తోమత లేకపోతే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడుకోవడం నయం.

విండోస్ 10 వాడుతున్నవాళ్లు కూడా గమనించాలి. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకోకపోతే కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. యాంటీవైరస్ ఆ లోటు తీర్చలేదు.

ఫోన్ వాడేవాళ్లకు..

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ మోసం వేషం వేరు. వాట్సాప్‌లో 'పెళ్లి పత్రిక', 'ఆర్టీవో చలానా' అంటూ ఓ ఫైల్ వస్తుంది. పీడీఎఫ్ అనుకుంటాం. పేరు చివర చూస్తే 'ఏపీకే' అని ఉంటుంది. అంటే అది పత్రిక కాదు, ఓ యాప్. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే మీ ఓటీపీలు దొంగలకు చేరిపోతాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చింది కదా అని నమ్మొద్దు. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు.

ఇక్కడ యాంటీవైరస్ యాప్ కొనే ముందు రెండు పనులు చేయండి. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ ఫొటో నొక్కి, ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతికి, వాట్సాప్, టెలిగ్రామ్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్.. అన్నిటికీ ఆ అనుమతి ఆపేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ ఈ రెండూ మీరే చేసి పెట్టండి.

మీ యాంటీవైరస్ పనిచేస్తోందా? ఇలా పరీక్షించండి

'ఐకార్' అనే టెస్ట్ ఫైల్ ఒకటుంది. 68 అక్షరాల ఈ ఫైల్ ఏ హానీ చేయదు. యాంటీవైరస్‌లన్నీ దీన్ని వైరస్‌లా పట్టుకోవాలని ఒప్పందం. ఐకార్ అధికారిక సైట్ నుంచి దాన్ని డౌన్‌లోడ్ చేసి చూడండి. మీ యాంటీవైరస్ వెంటనే అడ్డుకోవాలి. ఉలుకూ పలుకూ లేదంటే అది నిద్రపోతున్నట్టే. అయితే ఇది మెలకువగా ఉందో లేదో చెప్పే పరీక్ష మాత్రమే. కొత్త స్క్రిప్ట్‌ని పట్టగలదా అన్నది దీంతో తెలియదు.

అనుమానం ఉన్న ఫైల్‌ని వైరస్‌టోటల్ సైట్‌లో పెడితే పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. కానీ అక్కడ పెట్టిన ఫైళ్లు ఇతర భద్రతా సంస్థలకూ అందుబాటులో ఉంటాయి. ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్, క్లయింట్ల లెక్కలు అందులో పెట్టొద్దు.

యాంటీవైరస్ చేయలేని పనులు.. మీరే చేయాలి

- ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' నొక్కి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేయండి. అసలు తోక బయటపడుతుంది.
- జేఎస్, వీబీఎస్, హెచ్‌టీఏ ఫైళ్లు ఎప్పుడూ నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకునేలా 'ఓపెన్ విత్'లో మార్చేయండి. పొరపాటున డబుల్ క్లిక్ చేసినా అక్షరాలే కనిపిస్తాయి, ఆదేశాలు నడవవు.
- జిప్ ఫైల్, దానికి పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో.. ఇలా వస్తే అనుమానించండి. పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపలికి మెయిల్ స్కానర్ చాలాసార్లు చూడలేదు.
- ఏ వెబ్‌సైట్ చెప్పినా విండోస్ ప్లస్ ఆర్ నొక్కి ఏదీ పేస్ట్ చేయొద్దు. అసలైన క్యాప్చా ఎప్పుడూ అలా అడగదు.
- ముఖ్యమైన ఫైళ్లను వారానికోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో కాపీ చేసి, డిస్క్ తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

అప్పటికే నొక్కేశారా? వెంటనే ఇలా చేయండి

ముందు నెట్ ఆపేయండి. వైఫై ఆఫ్ చేయండి, కేబుల్ ఉంటే పీకేయండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంక్ సైట్లు తెరవొద్దు. వేరే ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చండి. మెయిల్‌లో 'అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్' కూడా చేయండి. ఎందుకంటే పాస్‌వర్డ్ తెలియకపోయినా దొంగిలించిన లాగిన్‌తోనే లోపలికి రాగలరు. డిఫెండర్‌లో 'ఆఫ్‌లైన్ స్కాన్' ఉంటుంది, అది పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉచిత క్లీనింగ్ టూల్స్ కూడా దొరుకుతాయి.

డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు ఖాతాలు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచుకుంటే లాభం దొంగలకే.

చివరిగా.. ఏ యాంటీవైరస్ బెస్ట్ అని అడిగే ముందు, ఇప్పుడు మీ కంప్యూటర్‌లో ఉన్నది ఆన్‌లో ఉందా, ఎక్స్‌క్లూజన్స్‌లో ఏముంది, విండోస్ అప్‌డేట్ ఎప్పుడు వేశారు.. ఈ మూడూ చూసుకోండి. పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు. ఆ తర్వాత కూడా అవసరం అనిపిస్తే పైన చెప్పిన 6 విషయాలు దగ్గర పెట్టుకుని కొనండి.